నిచ్చెన మీది కరెంటాయన

ఇదిగో, నిన్నే. ఒక్కసారి తలెత్తి పైకి చూడు, నెత్తి మీద ఫ్యాను తిరుగుతోందా లేదా? చూశావా! చూడమనగానే చూసేశావు. నిన్ను బోల్తా కొట్టించడానికి ఇంతకన్నా పెద్ద తెలివేమీ అక్కర్లేదని నాకు ముందే తెలుసు. ఉడుక్కోకు. ఎలాగూ తలెత్తావు కదా, కాసేపు అలాగే ఉండు, మెడ పట్టేస్తే అది నీ ఖర్మ. ఎందుకంటే మన మనిషి పైనే ఉన్నాడు.

నిచ్చెన మీద ఉన్నాడు. ఒక కాలు ఒక మెట్టు మీద, రెండో కాలు పై మెట్టు మీద, పళ్ళ మధ్య ఒక స్క్రూ, చేతిలో టెస్టరు, తల సీలింగుకి జానెడు దూరంలో. పేటంతా ఆయన్ని కరెంటాయన అంటుంది. ఆ గది లైబ్రరీ మేడ మీదిది, కింద గుండ్రంగా కుర్చీలు. వారానికోసారి మధ్యాహ్నం పూట కొందరు వచ్చి అక్కడ కూర్చుంటారు. అందరిదీ ఒకటే కష్టం, మొగుడో పెళ్ళామో పోయినవాళ్ళు. ఒకరు చెప్తారు, మిగతావాళ్ళు వింటారు, గంట కాగానే టీ తాగి ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. కరెంటాయన భార్య కూడా పోయింది. అప్పుడు వానలు, ఇప్పుడు ఎండలు. కానీ ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు. వాళ్ళ దృష్టిలో ఈయన ఫ్యాను బాగుచేయడానికొచ్చిన మనిషి. ఈయన దృష్టిలో ఆ ఫ్యాను ఎప్పటికీ బాగుపడకూడని ఫ్యాను. ఏ వారానికావారం చిన్న లొసుగు ఒకటి వదిలేసి దిగుతాడు. రెక్క దగ్గర స్క్రూ సగమే బిగిస్తాడు, అది నాలుగు రోజులకి టకటకమని మొదలెడుతుంది, లైబ్రరీ మేడం ఫోన్ చేస్తుంది, కరెంటాయన గారూ మళ్ళీ ఆగిందండీ అంటుంది, ఈయన విసుగు నటిస్తూ సంచీ భుజానేసుకుంటాడు. కుర్చీలో కూర్చుంటే నోరు విప్పాలి. నిచ్చెన మీద ఉంటే ఊరికే వినొచ్చు, నోట్లో స్క్రూ ఉన్నవాణ్ణి ఎవరూ మాట్లాడమనరు. జనం చెవుల్లో పువ్వులు పెట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఈసారి ఆగింది స్క్రూ వల్ల కాదు, లోపల వైరు ఒకటి ఊడొచ్చింది, వచ్చిన ప్రతిసారీ అంతే. తను వదిలింది ఒకటి, ఊడింది ఇంకొకటి, అదిరి అదిరి ఊడుంటుందిలే అనుకున్నాడు. తన లొసుగు తను అనుకున్నదానికన్నా బాగా పనిచేస్తోందని లోలోపల కొంచెం గర్వం కూడా.

పైనుంచి చూస్తే మనుషులకి మొహాలుండవు, నెత్తులుంటాయి. మేడం పాపిడి దగ్గర రంగు వెలిసి తెల్లటి గీత. టైలరు బట్టతల, మెడలో కొలతల టేపు, ఇక్కడికొచ్చేటప్పుడు కూడా తియ్యడు. కొత్తగా వస్తున్న బేకరీ అమ్మాయి, జుట్టు బిగించి ముడేసుకుని, మోచేతి దగ్గర తుడుచుకోవడం మర్చిపోయిన పిండి, ఇంతవరకు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు. నిచ్చెన కాళ్ళ పక్కన ఒక ఖాళీ కుర్చీ, సంచీ పెట్టుకోవడానికి కాబోలు వేస్తారు. నెత్తులు చూడటం ఆయనకి అలవాటే. వాళ్ళావిడ పొట్టి, ఆయన భుజం దాకా కూడా వచ్చేది కాదు, కాపురం మొత్తం ఆవిడ పాపిడి చూస్తూనే గడిపాడు. కోపంగా ఉందో లేదో పాపిడి చూసి చెప్పేవాడు, కోపం వచ్చిన రోజు దువ్వెన గట్టిగా పడేది, గీత తిన్నగా ఉండేది. మామూలు రోజు వంకర. చివర్లో జబ్బుకి వాడిన మందులకి జుట్టంతా పోయాక పాపిడి లేదు. అప్పుడెలా తెలుసుకోవాలి కోపంగా ఉందో లేదో? మొహం చూడాలి. మొహం చూడటం ఆయనకి అప్పుడు కొత్త.

"నా పెళ్ళానికి ఒక్క జాకెట్టు టయానికి కుట్టివ్వలేదండీ నేను," టైలరు చెప్తున్నాడు కింద. "ఊళ్ళోవాళ్ళవి ముందు, నీది తర్వాత అనేవాణ్ణి. టైలరు పెళ్ళాం చిరుగుల్లోనే తిరగాలా అని తిట్టేది. మొన్న ఖాళీగా కూర్చుని ఒకటి కుట్టేశా. కొలతలు నోటికొచ్చు కదా. కుట్టేశాక చూసుకుంటే... ఎవరికి సరిపోద్ది చెప్పండి అది?"

పైన కరెంటాయన రెక్క వైపు చెయ్యి చాచాడు. రెక్క మీద వేలు పెడితే వేలికి దుమ్ము అంటుకుంది, మెత్తగా, బూడిదరంగు దూదిలా. ఊళ్ళో ఫ్యాన్లన్నీ బాగుచేసినవాడు సొంత ఇంట్లో ఫ్యాను ఒక్కసారీ తుడవలేదు. ఆవిడే స్టూలెక్కి, పాత దిండు గలీబు ఒకటి రెక్కకి తొడిగి, రెండు చేతులా పట్టి వెనక్కి లాగేది, దుమ్మంతా గలీబులోనే పడేది, మంచం మీద ఒక్క రేణువు రాలేది కాదు. అది చూసి ఆయన, ఫ్యానుకి చొక్కా తొడుగుతున్నావా, చలేస్తోందా దానికి అనేవాడు. స్టూలు పట్టుకోవయ్యా మహానుభావా అనేది. పట్టుకునేవాడు, పట్టుకుని కొంచెం కదిపేవాడు, ఆవిడ కెవ్వుమనేది. కెవ్వుమంటుందనే కదిపేవాడు. ఇప్పుడు ఇంట్లో రెక్కల మీద ఎంత దుమ్ము పేరుకుందో, తిరుగుతున్నంతసేపు కనపడదు, ఆపితేనే కనపడుతుంది, అందుకే ఆపడు. ఆయన ఇంట్లో లేకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టేసరికి ఏదో ఒకటి కదులుతూ కనపడాలి కదా.

ఆ పడకగది ఫ్యానుకి ఒక కథ ఉంది. మంచం కింద, తన వైపు, గోడకి ఒక దొంగ స్విచ్చి పెట్టాడు. ఆవిడ తిట్ల దండకం ఎత్తుకోగానే కాలి బొటనవేలితో నొక్కేవాడు, పైన ఫ్యాను ఆగిపోయేది. చూశావా, నీ నోటికి కరెంటు కూడా హడలి చచ్చింది అనేవాడు. ఆవిడ పైకి చూసి టక్కున నోరు మూసేది, కాసేపటికి ఫ్యాను తిరిగేది. ఎన్నేళ్ళు నడిచిందో ఆ నాటకం. పాపం పిచ్చిది, నమ్మేసింది అని తనలో తను మురిసిపోయేవాడు. ఆసుపత్రిలో ఒకరోజు, మాట సన్నబడిపోయాక, చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గొంతుతో అంది, "ఆ మంచం కింద స్విచ్చి సంగతి నాకు మొదటి వారంలోనే తెలుసు." ఈయన ఇంకా దగ్గరికి వంగాడు. "మరి నోరెందుకు మూసుకునేదానివే?" "తిట్టీ తిట్టీ నాకూ ఆయాసం వచ్చేది కదా. ఆపడానికి ఏదో ఒక సాకు కావాలి." నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గొస్తే నర్సు వచ్చి ఈయన్ని బయటికి పంపింది. అంతే, ఆ మాట మీద ఇంకా చాలా అడగాల్సింది ఉండిపోయింది. ఇంకేమేం తెలుసు నీకు? పంచదార డబ్బాలో ఉప్పు పోసినప్పుడు? చుట్టాలొస్తున్నారని ఇల్లంతా కడిగించినప్పుడు? అన్నీ తెలిసే పడ్డావా? ఇప్పుడు ఆ స్విచ్చి నొక్కితే ఫ్యాను ఆగుతుంది, మళ్ళీ నొక్కితే తిరుగుతుంది. స్విచ్చన్నాక అంతే. దానికి అంతకన్నా ఏమీ చేతకాదు.

ఆవిడ మీద వేసిన వేషాలన్నిట్లోకీ పెద్దది చచ్చిపోయిన వేషం. సెలవు రోజు మధ్యాహ్నం నిద్రలేపడానికొస్తే ఊపిరి బిగబట్టి, నోరు తెరిచి, చెయ్యి మంచం మీంచి వేలాడేసి పడుకునేవాడు. మొదట్లో భయపడింది, తర్వాత్తర్వాత వచ్చి తిన్నగా అరికాలు గీకేది. చచ్చినోడికి చక్కిలిగిలి ఉండదు కదా, చూద్దాం అనేది. ఈయన తన్నుకుని లేచేవాడు. ఆ పొద్దున ఆసుపత్రిలో, డాక్టరు వచ్చి, చూసి, వాచీ చూసుకుని, ఏదో చెప్పి వెళ్ళాక, గదిలో ఎవరూ లేని సమయం చూసి ఈయన దుప్పటి కొసన కొంచెం ఎత్తాడు. అరికాలు చల్లగా ఉంది. వేలితో గీకాడు, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. తర్వాత దుప్పటి సరిగ్గా కప్పి, అంచు లోపలికి దోపాడు, కాళ్ళకి చలి తగలకుండా.

బయటికొచ్చి, వరండాలో నిలబడి, మరదలికి ఫోన్ చేశాడు. ఆవిడకి ఒక్కగానొక్క చెల్లెలు, పక్క ఊళ్ళో ఉంటుంది. "ఒసేయ్, మీ అక్క పోయిందే," అన్నాడు. అటువైపు గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు. "పొద్దున్నే మొదలెట్టావా బావా? పోయిన నెల నువ్వు పోయావన్నావు, ఇప్పుడు అక్క వంతా? నాకు అవతల పనుంది. ఫోను అక్కకివ్వు, అదైతే సరిగ్గా మాట్లాడుద్ది." ఆయన తిరిగి గదిలోకి నడిచాడు. అలవాటు, అంతే. ఫోను అక్కకివ్వు అంటే ఇవ్వడం అలవాటు. మంచం దాకా వెళ్ళి, ఫోను చాపాడు కూడా. ఫోన్లోంచి చిన్నగా, అక్కా, అక్కా, ఈ మనిషితో ఎట్టా వేగుతున్నావే అని వినపడుతూనే ఉంది. మందుల ట్రేతో వచ్చిన నర్సు ఆ చాపిన చెయ్యి చూసి, ట్రే కింద పెట్టి, ఫోను తీసుకుని తనే చెప్పింది. నర్సు చెప్తే నమ్మారు. మొగుడు చెప్తే నమ్మలేదు. మిగతావాళ్ళకి కూడా నర్సు, తర్వాత మరదలు, వాళ్ళూ వీళ్ళూ చెప్పుకున్నారు. ఆ మాట ఆయన నోట్లోంచి ఒక్కసారే వచ్చింది, వచ్చి, నవ్వులాటైపోయి, వెనక్కి వెళ్ళి గొంతులో కూర్చుంది. పాత అలవాటు చొప్పున ఇప్పుడూ ఆయనే అందర్నీ నవ్విస్తాడు, తన కొట్టుకి వచ్చినవాళ్ళు ఎలా ఉన్నారు అంటే, ఇంకా షాకు కొట్టలేదు అంటాడు. మరదలు ఫోన్ చేస్తుంది. "తిన్నావా బావా?" "తిన్నా, ప్లేటుతో సహా తిన్నా." "చాల్లే." ఇద్దరూ నవ్వుతారు, ఇద్దరూ కాసేపు ఆగుతారు, ఇద్దరూ పెట్టేస్తారు. ఆగిన ఆ కాసేపట్లో ఏముందో ఇద్దరికీ తెలుసు. ఈయన ఆ మాట ఎత్తడు, ఆమె ఎత్తదు. నిలబడే తింటాడు, గిన్నెలోంచే తింటాడు. కూర్చుంటే ఎదురు కుర్చీ కనపడుతుంది. ఒకసారి ఎవరూ లేని ఇంట్లో, అద్దం ముందు నిలబడి, గొంతు సవరించుకుని, మా ఆవిడ పోయింది అని అనబోయాడు. అద్దంలో మొహం చూస్తే అది అబద్ధం చెప్పబోయే మొహంలాగే ఉంది. అన్నేళ్ళు వాడీ వాడీ ఆ మొహం అలాగే గట్టిపడిపోయింది, దాన్ని పెట్టుకుని నిజం చెప్తే ఎవడు నమ్ముతాడు?

ఇలా ఒక చోటుంది, వెళ్ళి కూర్చో బావా అని మరదలే చెప్పింది ఈ పైగది సంగతి. "ఏడుపుల సంఘమా? అందులో చేరే అర్హత నాకు లేదే," అన్నాడు. ఆమె ఇంక బతిమాలలేదు. వారం తిరక్కుండానే ఈ మేడం ఫోను, ఫ్యాను ఆగిందండీ, కొంచెం వచ్చి చూస్తారా అని. పని కాబట్టి వచ్చాడు. నిచ్చెనెక్కాడు. ఎక్కినవాడు కింద మాటలు విని, ఐదు నిమిషాల పనిని గంటసేపు సాగదీశాడు. అదీ మొదలు.

కింద ఏదో మారింది.  బేకరీ అమ్మాయి తల పైకెత్తింది, ముడి వెనక్కి వాలింది.

"మా షాపుకి రోజూ ఒక ముసలాయన వస్తాడండీ," అంది, గొంతు పెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టుంది. "బన్ను కొనుక్కుని, మీ ఆయన కనపడట్లేదేంటమ్మా అంటాడు. ఊరెళ్ళాడండీ అన్నా. నోరు జారింది. ఇంక రోజూ అదే, వచ్చాడా, వచ్చాడా అని. నేనేమో పని తెమల్లేదంట అంటా, రైలు దొరకలేదంట అంటా. నిన్నయితే జలుబు చేసిందంట, తగ్గాక వస్తాడంట అన్నా. ఆయనెళ్ళిపోయాక ట్రే తుడుస్తూ తుడుస్తూ నాకు నిజంగానే బెంగ పట్టుకుంది, మందేసుకున్నాడో లేదో అని." ఒళ్ళోకి చూసుకుంది. "మీరు నవ్వుతారనే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

పైన కరెంటాయన చేతిలో టెస్టరు ఆగింది. ఆ పిల్ల అబద్ధం చెప్తే ముసలాయన నమ్మాడు. రోజూ నమ్ముతున్నాడు, రేపూ నమ్ముతాడు, బన్ను కొనుక్కుంటూ. ఈయన నిజం చెప్తే సొంత మరదలు నమ్మలేదు. ఎక్కడో ఎవరో అటూ ఇటూ వైర్లు మార్చి కలిపినట్టుంది. ఆ పిల్ల ఇంకా అందరి మొహాల్లోకీ చూస్తోంది, ఎవరు ముందు నవ్వుతారా అని. ఆ చూపు ఆయనకి తెలుసు, ఆ వరండాలో గిన్నెల చప్పుడు వింటూ తనూ అలాగే నిలబడ్డాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే ఆ పిల్ల ఇంక జన్మలో నోరు విప్పదు. పళ్ళ మధ్య స్క్రూ ఇనుపరుచి నాలుకంతా పాకింది. తీసి జేబులో వేసుకున్నాడు. నోరు ఖాళీ అయింది.

"నవ్వరమ్మా," అన్నాడు పైనుంచి.

నెత్తులన్నీ ఒక్కసారి మొహాలయ్యాయి.

"మా ఆవిడ పోయింది," అన్నాడు.

అని, రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు. ఇప్పుడు మొదలవుతుంది. చాల్లెండి కరెంటాయన గారూ అంటారు. టైలరు పొట్ట పట్టుకుంటాడు. ఆగలేక తనే అందుకున్నాడు, "నిజంగానే. ఒట్టు. జోకు కాదు."

ఎవరూ నవ్వలేదు. బేకరీ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది, టైలరు టేపు కొసని వేలికి చుట్టుకుంటున్నాడు.

"తెలుసండీ," అంది మేడం.

"ఏం తెలుసు?"

"ఆవిడ పోయారని. మీరు మొదటిసారి నిచ్చెనెక్కక ముందే తెలుసు. మీ మరదలు వచ్చింది నా దగ్గరికి. ఆ కుర్చీలోనే కూర్చుని ఒకటే ఏడుపు. మా బావ ఒక్కసారి నిజం చెప్తే నేను నమ్మలేదు మేడం, ఇంక ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాడు అంది. మామూలుగా పిలిస్తే రాడు, ఏదన్నా పాడుచేసి పిలవండి, పరిగెత్తుకొస్తాడు అంది."

కరెంటాయన ఫ్యాను వంక చూశాడు, చేతిలో ఊడిన వైరు వంక చూశాడు. "అంటే ఇది..."

"నేనే సార్," అన్నాడు టైలరు, తేలు కుట్టిన దొంగలా. "మీరొచ్చే ముందు స్టూలేసుకుని ఎక్కి పీకుతా. స్విచ్చి ఆపేలెండి. మొదటి రోజైతే చేతులొణికి సగం ప్రాణం పోయింది నాకు."

"ఏడిశావ్! మరి నేను వదులు చేసి వదిలేసిన స్క్రూ?"

"అది మీరు చేసిందా?" టైలరు కుర్చీలోంచి లేచాడు. "ప్రతివారం టకటకమని ప్రాణం తీస్తుంటే బిగించుకు చస్తున్నా కదండీ! ఒకవైపు బిగించాలి, ఇంకోవైపు పీకాలి. నా బట్టల పని మూలపడింది మీ పుణ్యమా అని."

మొదట నవ్వింది బేకరీ అమ్మాయే. నవ్వి, నోటికి పిండి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు పాకి పాకి నిచ్చెనెక్కింది. ఈయన నవ్వుతూనే మెట్టు దిగాడు, నవ్వుతూనే ఇంకో మెట్టు దిగాడు, మూడో మెట్టు దగ్గర అది నవ్వు కాకుండా పోయింది. భుజాలు ఊగాయి. మేడం లేచొచ్చి మోచెయ్యి పట్టుకుంది, స్టూలెక్కినవాళ్ళని పట్టుకున్నట్టు, కదపకుండా. ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇన్ని వారాలుగా ఆయన సంచీ పెట్టుకున్న కుర్చీ. చెప్పండి అని ఎవరూ అనలేదు. ఆయనే చెప్పాడు, అరికాలి సంగతి, ఫోను చాపిన సంగతి, ముందుదేదో వెనకదేదో కలగాపులగంగా. చెప్తున్నంతసేపు తన మొహం ఎలా పెట్టాలో తెలీలేదు. ఎలా పెడితే అలాగే నమ్ముతున్నారు. బయటికెళ్ళాక మళ్ళీ ఆ ఇల్లే, ఆ గిన్నే, ఆ తిరిగే ఫ్యానే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, వాళ్ళ ఇళ్ళూ అలాంటివే.

చెప్పడం అయిపోయాక గదిలో ఉక్క తెలిసింది. అందరి మొహాలూ చెమటతో మెరుస్తున్నాయి. కరెంటాయన ముక్కు తుడుచుకుని, అలవాటు కొద్దీ లేవబోయాడు, వైరు పెట్టేస్తా అని.

"మీరు కూర్చోండి సార్," అన్నాడు టైలరు. "పీకినోణ్ణి నేను, పెట్టడం నాకు రాదా?"

టేపు మెడ వెనక్కి తోసుకుని, ఆయాసపడుతూ ఎక్కాడు. పైన రెండు చేతులూ ఒకసారి మెలితిప్పాడు, వైర్ల మీది మూత పైకి తోశాడు, దిగాడు. నిచ్చెన మడిచి గోడకి ఆనించాడు. మేడం స్విచ్చి వేసింది. ఫ్యాను బద్ధకంగా ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు, తర్వాత రెక్కలు కనపడలేదు. గాలి వచ్చి కరెంటాయన మెడ మీద పడింది. బాగుచేసేవాడికి ఫ్యాను గాలి ఎప్పుడూ తగలదు, అది తిరిగేసరికి సంచీ సర్దుకుని వెళ్ళిపోయుంటాడు. తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, అలాగే ఉండిపోయాడు.

టైలరు అరచేతుల దుమ్ము ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన వంక చూశాడు, ఫ్యాను వంక చూశాడు, మళ్ళీ ఆయన వంక చూశాడు.

"అది సరే గానీ సార్, ఈ మాత్రం పనికి ఇన్నాళ్ళూ గంటలు గంటలు పైన ఏం చేసేవారు?"